ముగ్గురికీ తాతగారి పేరే

నాకు మా తాతగారి పేరు పెట్టారు. మా పెదనాన్నగారి అబ్బాయికీ అదే పేరు, బాబాయిగారి అబ్బాయికీ అదే పేరు. ఇంటిపేరు ఒకటే, ఊరూ ఒకటే. కోనసీమలో ఇదేం వింత కాదు. మామగారి పేరు కోడళ్ళు నోటితో అనకూడదు కనక ఇంట్లో మమ్మల్ని పెద్దబాబు, నడిపిబాబు, చిన్నబాబు అని పిలిచేవారు. నేను నడిపిబాబుని. పెద్దబాబుకొచ్చిన ఉత్తరాలు సగం పోస్ట్‌మాన్ నా చేతిలో పెట్టి పోయేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు ఇంకెవడైనా చేస్తే పాపం తెలియక చేశాడనుకోవచ్చు. నాకు ఆ సాకు కూడా లేదు.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. రాజమండ్రిలో ఒక రక్తపరీక్షల ల్యాబుకి ప్రోగ్రాములు రాసేవాణ్ణి. కోనసీమ ఊళ్ళలో ఆ ల్యాబు తరఫున రక్తం తీసి రాజమండ్రి పంపే సెంటర్లుండేవి. టెక్నీషియన్ ఇక్కడ ఫలితం కంప్యూటర్లో కొడితే, అక్కడ కౌంటర్లో రిపోర్టు ప్రింటు తీసి ఇచ్చేవారు. అందరూ ఒక్కసారే అడిగేసరికి డేటాబేస్ నత్తనడక నడిచేది. కాస్త మెమరీ కొంటే సరిపోయేది. నేనూరుకుంటానా? ఒకసారి తీసిన రిపోర్టును రెండు కాష్ సర్వర్ల, అంటే తాత్కాలికంగా దాచిపెట్టే కంప్యూటర్ల, మెమరీలో ఉంచి, మళ్ళీ అడిగితే అక్కణ్ణుంచే ఇద్దామన్నాను. పెద్ద పెద్ద వెబ్‌సైట్లవాళ్ళు చేసే పని అది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం!

దానికి సి భాషలో ఒక క్లయింట్ లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ ప్రోగ్రాము, దొరికింది. సర్వర్ల జాబితా దానికిచ్చేస్తే చాలు. దాచే ప్రతిదానికీ ఒక కీ, అంటే ఒక గుర్తు చెప్పాలి. ఆ కీని బట్టి ఏ సర్వర్లో పెట్టాలో లైబ్రరీయే తేల్చుకునేది. అదే కీ మళ్ళీ చెబితే నేరుగా అక్కడికే వెళ్ళి తెచ్చేది. పిలిచిన ప్రతిసారీ పని అయిందో లేదో ఒక కోడ్ తిరిగిచ్చేది. ఆ కోడ్‌ని నేను ఒక్కచోట కూడా చూడకుండా వదల్లేదు. ఆ సంగతి టీకొట్టు దగ్గర పదిమందికి చెప్పుకున్నాను కూడా.

కీగా రసీదు నంబరు పెట్టాల్సింది. జనం రసీదులు పారేసుకుంటారు, పేరు చెప్పే రిపోర్టు అడుగుతారు కదా అని, ఇంటిపేరు, పేరు, ఊరు కలిపి కీ చేశాను. పోయేకాలం కాకపోతే ఏంటి!

ఓ నెల బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఒకరోజు పొద్దున్నే ఒక స్కూలు మాస్టారు కాలికి కట్టుతో ల్యాబుకొచ్చారు. "షుగరు లేదని మీరే కాగితమిచ్చారు కదండీ. పుండు మానట్లేదు. ఇంకోచోట చూపిస్తే మూడొందలు దాటిందన్నారు. ఇదేంటండీ?" అన్నారు. ల్యాబు డాక్టరుగారు ఆ కాగితం, రసీదు నా చేతికిచ్చి చూడమన్నారు.

రసీదు నంబరు కొట్టి డేటాబేస్‌లో చూశాను. మూడొందల ఇరవై అనే ఉంది. అదే రోజు, అదే ఊరు, అదే ఇంటిపేరు, అదే పేరుతో ఇంకొకాయన ఉన్నారు. ఆయనకి తొంభై ఆరు. "మా పెదనాన్నగారబ్బాయండి. ఇద్దరికీ తాతగారి పేరే," అన్నారు మాస్టారు. ఆయన అన్నగారి రిపోర్టు ముందు ప్రింటై కాష్‌లో కూర్చుంది. మాస్టారు అడిగినప్పుడు లైబ్రరీ దాన్నే తెచ్చిచ్చి, పని సక్రమంగా అయిందనే కోడ్ ఇచ్చింది. లోపలికెళ్ళి కీ మార్చేసి, రెండు సర్వర్లూ ఖాళీ చేసేశాను.

"సిస్టమ్‌లో ఉన్నది కరెక్టేనండి," అన్నాను డాక్టరుగారితో. అబద్ధం కాదు చూడండి!

"అయితే మా టెక్నీషియన్ ముందు ఒకరిది ఒకరికి కొట్టేసి, తర్వాత గుట్టుగా దిద్దుకున్నాడన్నమాట. సిస్టమ్‌లో అలా దిద్దడానికి వీలుందా?"

"వీలుందండి," అన్నాను.

ఆ టెక్నీషియన్ యాభై దాటిన మనిషి. ల్యాబు తెరిచిననాటి నుంచీ ఉన్నారు. ఆ వారంలోనే ఆయన్ని మానేయమన్నారు. వెళ్ళేముందు నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"నేను దిద్దలేదు బాబూ. దిద్దితే ఏ టైముకి దిద్దిందీ కంప్యూటర్లో తెలుస్తుందటగా. ఒక్కసారి చూసి డాక్టరుగారితో చెప్పండి. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారండీ?"

"చూస్తానండి," అన్నాను. చూడ్డానికేముంది? మాస్టారొచ్చిన పొద్దునే చూశాను. ఆయన ఒక్కసారే కొట్టారు, సరిగ్గా కొట్టారు, మళ్ళీ ముట్టుకోలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆయన క్యారేజీ తీసుకుని మెట్లు దిగిపోయారు. ఉద్యోగం పోతుందని భయపడ్డానంటే కొంత నయం. టీకొట్టు దగ్గర నవ్వుతారని భయపడ్డాను. ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

రెండేళ్ళ తర్వాత అత్తవారి ఊరు పెద్దాపురం జాతరకెళ్ళి జ్వరం తెచ్చుకున్నాను. బజార్లో ఒక చిన్న ల్యాబుకెళితే, బల్ల వెనక ఆయనే.

"బాబూ, మీరా! రండి రండి, కూర్చోండి," అంటూ ఫ్యాను నావైపు తిప్పారు. చేతికి రబ్బరు పట్టీ కట్టి, సూది తీయబోతూ ఆగారు.

"మీ పేరు నాకు తెలుసనుకోండి. అయినా అడగాలి. మీది తాతగారి పేరాండీ? మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇదే పేరుందా?"

"ఎందుకండీ?"

"ఆ మాస్టారి గొడవయ్యాక అందర్నీ అడుగుతున్నానండి. దిద్దలేదని ఆరోజు మీతో గట్టిగా అన్నాను కదా. మీరు చూసి కూడా ఏమీ చెప్పలేదంటే, నేనే దిద్ది మర్చిపోయుంటాను. అప్పట్నుంచీ నా చేతిని నేనే నమ్మట్లేదు."

మీరు దిద్దలేదండీ అని ఒక్క మాట అంటే చాలు. ఆయన నా జవాబు కోసం పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"ఉన్నారండి. ముగ్గురం," అన్నాను.

ఆయన ట్యూబు మీద నా పేరు, మా నాన్నగారి పేరు, నంబరు రాశారు. రాసింది రెండుసార్లు సరిచూసుకుని, పిడికిలి బిగించమన్నారు. బిగించాను.