మల్లేశం మామ ఛర్రా తుపాకి

మా చిన్నప్పుడు... గోపన్‌పల్లిలో, మల్లేశం మామ జామతోటలో చిలకలతోనే తెల్లారేది. గుంపులుగా దిగేవి. పండును సగం కొరికి కింద పడేసి ఇంకోదాని మీదికి పోయేవి.

మామ కొట్టం ముందు కూర్చుని ఛర్రా తుపాకి గొట్టాన్ని మోకాలికి ఆనించి కీలు దగ్గర విరిచేవాడు. లోపల స్ప్రింగు కిర్రుమంటూ ముడుచుకునేది. ఛర్రా, చిన్న సీసపు గుండు, పెట్టి, గొట్టం మూసి, కొట్టేవాడు. చిలక రాయిలా పడేది. కొన్ని వెంటనే చచ్చేవి కావు... వాటి మెడ తిప్పే పని నాకూ సుగుణకూ.

సుగుణ మామ కూతురు. నా ఈడుదే. తల్లి అంతకు ముందే కాన్పులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

ఇప్పుడు ఎయిర్ గన్ అంటున్నారు కదా, అదే. మందు లేదు, నిప్పు లేదు. స్ప్రింగు వదిలితే పిస్టన్ ముందుకు దూకి గాలిని నెడుతుంది, గాలి ఛర్రాను నెడుతుంది... అంతే.

మామ పట్నంలో ఒక కార్ఖానాలో ఫిట్టరు. ఆ తుపాకిని ఉన్నది ఉన్నట్టు ఉండనిచ్చేవాడు కాదు. ఏదో పాత మిషను స్ప్రింగు కోసి లోపల వేశాడు. పిస్టన్ మూతికి బర్రెతోలు బిళ్ల కోసి, కొబ్బరినూనెలో నానబెట్టి బిగించాడు. వెనక కట్టె తీసేసి, సుగుణ భుజానికి సరిపోయేలా టేకుతో పొట్టిగా చెక్కాడు. నూనె మాత్రం ఒక్క చుక్క మించనిచ్చేవాడు కాదు.

తెలంగాణ కోసం పిల్లలు మొదటిసారి రోడ్ల మీదికొచ్చిన రోజులవి. కాలేజీలు బందు. పట్నంలో చదివే మా అన్న రాజన్న, లాఠీ దెబ్బకు తల పగిలి, పోలీసులు వెతుకుతుంటే వచ్చి మామ కొట్టంలో దాక్కున్నాడు. తన పక్కన నిలబడ్డ స్నేహితుడికి గొంతులో తూటా దిగిందని చెప్పాడు. ఆ తర్వాత అన్నం తింటున్నా తుపాకి వంకే చూసేవాడు...

దాన్ని తనకిమ్మని అడిగాడు. మామ నవ్వాడు.

"దీనితోని పోలీసోని టోపీ గూడ కింద పడదు రా, అల్లుడా."

నూనె ఎక్కువ పోస్తే తుపాకికి బలం వస్తుందని అన్నకు ఎవరు చెప్పారో... మామ చూడనప్పుడు కుట్టుమిషను నూనె తెచ్చి లోపలికి బాగా వంచాడు.

మర్నాడు పొద్దున్నే మామ చిలకల మీద పేల్చాడు. నిజం తుపాకి పేలినట్టే పేలింది. పొగ వచ్చింది. గాలి ఒక్కసారిగా నలిగితే వేడెక్కి నూనె అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్లో లాగా. అది నాకు చాలా తర్వాత తెలిసింది... రోడ్డు మీద పోతున్న పోలీసు జీపుకు మాత్రం ఆ చప్పుడు అప్పుడే వినపడింది.

వస్తూనే కొట్టారు. మామ మోకాళ్ల మీద, వీపు మీద, కింద పడ్డాక పొట్టలో బూట్లతో. అడ్డం పోయిన నన్ను ఒక చెంపదెబ్బ కొడితే నోరంతా రక్తం. తుపాకి ఎక్కడిదని, ఎవరికి దాచావని అడుగుతున్నారు. ఇది పిట్టల తుపాకి సార్, కావాలంటే చూపిస్తానని మామ లేచాడు.

తుపాకి వెనక కట్టెను పోలీసు జమేదారు పట్టుకున్నాడు. మామ గొట్టం విరిచి, ఛర్రాను బొటనవేలితో లోపలికి నొక్కుతున్నాడు. జమేదారు ఘోడా మీట నొక్కాడు. కావాలనో, తెలియకనో...

విరిచిన గొట్టం ఎగిరొచ్చి మూసుకుంది. మామ బొటనవేలు, చూపుడువేలు మధ్యలో ఉన్నాయి. ఎముక చితికిన చప్పుడు విన్నాను. బొటనవేలి కొస తెగి మట్టిలో పడింది. ఫిట్టరు కుడిచేయి అది.

మామ అరవలేదు. అరిస్తే కొట్టంలోంచి అన్న బయటికొస్తాడు.

సుగుణ వచ్చి తండ్రిని నడిపించుకుపోయి కొట్టం గడపలో, తలుపుకు అడ్డంగా కూర్చోబెట్టింది. తనూ కూర్చుని, ఆ చేయి ఒళ్లో పెట్టుకుని పావడా అంచు చుట్టింది. లోపల ఎవరున్నారని జమేదారు అడిగాడు.

"మా అమ్మ, సార్. నిన్న పురుడైంది."

ఏడవకుండా, తల ఎత్తకుండా చెప్పింది. పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగవాడు పురిటింటి గడప దాటడు, చేతిలో లాఠీ ఉన్నా సరే. జమేదారు తుపాకి కింద పారేసి, దవాఖానకు తీసుకుపొమ్మని గొణిగి జీపెక్కాడు.

అన్న బయటికొచ్చి మామ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. మామ ఒకటే అడిగాడు.

"నూనె ఎంత పోసినవ్ రా?"

కార్ఖానా పని పోయింది. కొన్నాళ్లకు, సుగుణ పట్టుకుంటే, మామ ఎడమచేత్తో అరగదీసి ఒక చిన్న ఇనుప కొక్కెం చేసి తుపాకికి బిగించాడు. గొట్టం తెరిచి ఉన్నంతసేపు ఘోడా కదలదు. ఇవాళ దుకాణాల్లో అమ్మేవాటిలో చాలావాటికి అట్లాంటిది ముందే ఉంటోంది.

సుగుణకూ నాకూ పెళ్లయింది. చాన్నాళ్లకు ఒకసారి అడిగాను, అంత చిన్నపిల్లవు, ఆ మాట నీకెట్లా తోచిందని. బియ్యం ఏరుతూ చెప్పింది.

"తోచుడేంది... అమ్మ లోపల్నే ఉన్నది, బిడ్డ బతికిండు అని ఎవలకన్న ఒక్కసారి చెప్పాలనుండె. ఆయన అడిగిండు. చెప్పిన."

మళ్లీ బియ్యంలోకి చూసింది. నేను పేపరు చదువుకున్నాను.

తోట ఇప్పుడు అపార్టుమెంట్లు. నేనుండేది అందులోనే ఒకదాంట్లో. కిటికీలోంచి కోకాపేట అద్దాల మేడలు కనపడతాయి. చిలకలు ఎప్పుడు రావడం మానేశాయో గమనించలేదు. తెలంగాణ వచ్చింది... మామ చూడలేదు, రాజన్న చూడలేదు. సుగుణ చూసింది. పోయిన ఏడాది ఆమె కూడా పోయింది.

ఆ బిడ్డకు మనసులో ఏమన్నా పేరు పెట్టుకున్నావా అని ఆమెను ఎన్నడూ అడగలేదు. ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నట్టున్నాను...

మీ ఇంట్లోనూ అట్లాంటి తుపాకి ఉండి, దాన్ని పట్టిన మనిషి ఇంకా ఉంటే, ఇది చదవడం ఆపి వెళ్లి మాట్లాడండి. తర్వాత వచ్చి ఇక్కడ కింద కామెంట్లలో రాయండి. ఎంత పెద్దగా రాసినా సరే... నాకిప్పుడు తీరికే.