ఖాళీ వదిలిన గడి

ఆ ఎండాకాలం నాచారం బస్తీలో రాహేలు పేరెత్తితే ఆడవాళ్ళు ఉమ్మేసేవారు. డెబ్బైల మొదట్లో వచ్చిన కరువది. బస్తీ బావిలో బురద తేలింది.

రాహేలు హబ్సిగూడ రోడ్డులోని నీళ్ళ ఆఫీసులో గ్రాఫులు గీసేది. ఒక్కో ఊరి బావికి ఒక్కో గడి, గడిలో నీటిమట్టం చూపే గీత. గీత ఎక్కడ కిందికి దిగితే సర్కారు బోరింగు బండి అక్కడికి పోయేది. ఊళ్ళ పేర్లు వేరే పట్టీ మీద ముందే రాసిపెట్టి, గీతలయ్యాక కింద అతికించడం అక్కడి పద్ధతి.

ఆసారి పట్టీ మీద పేర్ల వరుస ఉప్పల్, నాచారం, కాప్రా. వాటిలో ఉప్పల్ బావి కొలతలు రాలేదు. ఆ బావి ఉన్న తోట యజమాని గేటుకు తాళం వేసి, కొలిచే మనిషిని తరిమేశాడు. రాహేలు మొదటి గడిని ఖాళీగా వదిలింది. పై ఉద్యోగి పరంధామయ్య మండిపడ్డాడు.

"ఏంటిది? పైవాళ్ళ ముందు బోసినోరుతో నిలబడమంటావా? ఖాళీ తీసేసి మళ్ళీ గీయి."

గీసింది. నాచారం గీత మొదటి గడిలోకి, కాప్రా గీత రెండో గడిలోకి జరిగాయి. పేర్ల పట్టీని మార్చాలని ఆ తొందరలో ఎవరికీ తట్టలేదు. చివర మిగిలిన కాప్రా పేరును పరంధామయ్య కత్తిరించేశాడు.

"చెరువున్న ఊరికి గ్రాఫెందుకులే."

అలా ఎండిన నాచారం గీత ఉప్పల్ పేరు మీదికి, చెరువు పక్కన నిండిన కాప్రా గీత నాచారం పేరు మీదికి వచ్చాయి. బోరింగు బండి ఉప్పల్ తోటకు పోయింది.

ఆదివారం ఏసు గుడిలో రాహేలు ప్రార్థనకు కూర్చోగానే పక్కవాళ్ళు చాప లాక్కున్నారు. పొరుగింటి పాపమ్మ బయట నిలదీసింది.

"మన బాయి నిండుగున్నదని గీసినవట! నీ కండ్లు ఏడ బెట్టినవే? ఆ తోట దొర ఎంత తినబెట్టిండు?"

గ్రాఫులో ఏం జరిగిందో రాహేలుకు అప్పుడు తెలిసింది. మరునాడు ఖాళీ గడితో సహా మళ్ళీ గీసుకుని పోతే, పరంధామయ్య దాన్ని బల్ల కిందికి విసిరాడు.

"సంతకాలైపోయాయి. పట్టుకుని బయటికెళ్ళావా, రేపట్నుంచి రానక్కర్లేదు."

రాహేలు వంగి కాగితం తీసుకుంది. దుమ్ము దులిపి, కొంగు కింద పెట్టుకుని బస్తీకి వచ్చి సంగతి చెప్పి, ఉప్పల్ తోటకు నడిచింది. వెనక పాపమ్మా, బస్తీ ఆడవాళ్ళూ.

"ముందు నడువు. పారిపోయినవంటే కాళ్ళిరగ్గొడ్త!" అంది పాపమ్మ.

ఉప్పల్ తోటలో బోరింగు మేస్త్రీ ఇంకా బండి మీది సామాను దించలేదు. నిండు బావి గట్టున కూర్చుని తల గోక్కుంటున్నాడు.

"నీళ్ళున్న కాడ బోరింగేందమ్మా? కాయితంల గిట్లనే ఉన్నది మరి."

"గా కాయితం తప్పన్నా. గీసింది నేనే" అంటూ రాహేలు కొత్త కాగితం పరిచింది. ఉప్పల్ పేరు మీద గడి ఖాళీగా ఉంది. లోపల సన్నగా రాసింది: కొలతలు లేవు. మేస్త్రీ అడిగితే, తప్పు తనదేనని కింద రాసి సంతకం పెట్టింది. మేస్త్రీ ఆ కాగితం పట్టుకుని పెద్ద ఆఫీసుకు పోయి, నాచారానికి ఉత్తరువు తెచ్చుకున్నాడు. రాహేలు ఉద్యోగం ఆ వారమే పోయింది.

బస్తీలో బోరింగు పడింది. అయినా ఆడవాళ్ళ ముఖాలు విప్పారలేదు. రాహేలు బిందెతో వరుస చివర నిలబడేది. దేవుడు కఠినమైన చేతులతో కూడా మేలు చేయిస్తాడు. ఒకరోజు పాపమ్మ వచ్చి, ఆ బిందె లాక్కుపోయి అందరికంటే ముందు పెట్టి, బోరింగు కొట్టసాగింది.

"అక్కా..." అంది రాహేలు.

"నోర్ముయ్. నీతోని మాట్లాడ్తలేను. నీళ్ళు కొడ్తున్న."