ఒంటికంటి దొర

పింఛను కాగితాలకు కొత్త ఫొటో కావాలంటే మొన్న మా వీధి చివర స్టూడియోకు వెళ్ళాను. ఫొటోగ్రాఫరు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి రెండు పక్కలా దీపాలు వేశాడు. కుడివైపు వెలుగు నాకు కనిపించింది. ఎడమవైపుది కనిపించలేదు, చెంపకు వెచ్చగా తగిలింది. నా ముఖంలో ఆ సగానికి వెలుగంటే ఎప్పుడూ ఈ వెచ్చదనమే. అలవాటు కొద్దీ కొంచెం పక్కకు తిరిగి కూర్చున్నాను. "నేరుగా చూడాల మేడం. రెండు చెవులూ కనపడకుంటే ఆఫీసులో ఒప్పుకోరు" అన్నాడతను. తప్పేమీ అనలేదు. అయినా ఇంత వయసు వచ్చాక కూడా నాకు చెవులు కాలినంత సిగ్గేసింది. ఆ సిగ్గూ ఆ వెచ్చదనమూ కలిసేసరికి ఎస్తేరమ్మ టీచరు గుర్తుకొచ్చారు. ఆమె తరగతిలో కూడా తూర్పు కిటికీ ఎండ నా ఎడమ చెంపకు ఇలాగే తగిలేది.

చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింది. మా తిరుపతిలో ఆ రోజుల్లో మశూచి అనే మాట ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు, గంగమ్మ వచ్చిపోయిందనే వారు. నేను బతికాను. ఎడమ కన్ను పోయింది, రెప్ప లోపలికి కుంగి మూసుకుపోయింది, ముఖమంతా గుంటలు పడ్డాయి. వీధిలో ఎవరైనా ఎదురుపడితే మా అమ్మ తన కొంగు తెచ్చి నా ముఖానికి అడ్డం పెట్టేది. ఎండ తగలకుండా అనేది. నీడలో కూడా అడ్డం పెట్టేది కాబట్టి ఆ కొంగు ఎందుకో నాకు త్వరగానే అర్థమైంది. బడిలో చేరాక కొంగు లేదు. తల వంచుకోవడం, గోడ పక్కన నడవడం, ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు కుడి పక్క కనపడేలా తిరగడం నేర్చుకున్నాను.

ఎస్తేరమ్మ టీచరుది చిత్తూరు. మద్రాసులో బొమ్మలు గీయడం చదువుకున్నారనీ, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తారనీ తప్ప ఆమె గురించి మాకు ఏమీ తెలియదు. తెల్ల చీర, నల్ల గొడుగు, చేతిలో ఎప్పుడూ ఒక పాత చీరముక్క మూట. మిగతా బళ్ళలో డ్రాయింగు అంటే నల్లబల్ల మీద ఉన్న మామిడాకును పలక మీదికి ఎక్కించడమే. మా టీచరు మాత్రం మొదటి రోజు పలక ఊడిపోయిన ఒట్టి చట్రం పట్టుకుని వచ్చారు. దాన్ని తన ముఖం ముందు పెట్టుకుని, "ఇది కిటికీ. ఇటలీ అని ఒక దేశం ఉండాది. ఆడ నాలుగైదు వందల ఏండ్ల కిందట బొమ్మలు గీసేవాళ్ళు మనిషిని ఇట్లా కిటికీలో పెట్టి చూసినారు" అన్నారు. యుద్ధం జరుగుతున్న కాలం. ముందు వరుసలో ఒకమ్మాయి లేచి, "ఇటలీ అంటే మన దొరలతో యుద్ధం చేస్తా ఉండే దేశం కదా టీచరమ్మా" అని అడిగింది. టీచరు నవ్వి, "యుద్ధం చేసేది ఇప్పటోళ్ళు. బొమ్మలు గీసినోళ్ళు ఎప్పుడో పోయినారు. వాళ్ళ మీద మనకేం కోపం పాపా" అన్నారు.

అలా కిటికీ ఆట మొదలైంది. ఒకమ్మాయి చట్రం పట్టుకుని కూర్చోవాలి, తక్కినవాళ్ళు పలకల మీద ఆమెను గీయాలి. ఇటలీ దొరసానులు చేతిలో పువ్వో పుస్తకమో పట్టుకునేవారట. మేము వంకాయ పట్టుకున్నాము, చీపురు పట్టుకున్నాము, ఒకతె ఇంటి నుంచి కోడిపెట్టను తెచ్చి తరగతంతా పరుగులు పెట్టించింది. గీశాక టీచరు పలకలన్నీ కలిపేసి, పక్క తరగతి పిల్లను పిలిచి ఎవరి బొమ్మో చెప్పమనేవారు. ముక్కులు బెండకాయలు, చెవులు జంతికలు. నవ్వి నవ్వి పొట్టలు పట్టుకునే వాళ్ళం. నవ్వుల మధ్యలోనే ఆమె మూట విప్పి ఒక్కో బొమ్మా చూపించేవారు. మొదట్లో ఆ దేశంలో అందరినీ పక్క నుంచే గీసేవారట, కాసు మీద రాజు తల మాదిరి. అందుకని మొదట మేమూ పక్కకు తిరిగే కూర్చున్నాము. ఆ నియమం విన్నప్పుడు నాకు కలిగిన ఊరట ఇప్పటికీ మరిచిపోలేదు. నా వంతు వస్తే కుడి పక్క చూపిస్తే చాలు.

మూటలో రంగుల బొమ్మ ఒక్కటే ఉండేది. ఎర్ర కుళ్ళాయి, ఎర్ర అంగీ వేసుకున్న ఒక దొర, పక్కకు తిరిగి ఉంటాడు. ముక్కు మొదట్లో మెట్టు కొట్టినట్టు పల్లం, చెంప మీద పులిపిరులు. "గుర్రాల మీద ఈటెలతో పొడుచుకునే పోటీలో ఈయనకు కుడి కన్ను పోయింది. అందుకే ఎడమ పక్కనే గీయించుకున్నాడు. కానీ చూడండి, గీసినాయన ముక్కును సరిచేయలేదు, పులిపిరులు తుడిపేయలేదు" అన్నారు టీచరు. నేను ఆ రోజంతా బొమ్మ ముందే ఉన్నాను. నాకు ఎడమ కన్ను లేదు, ఆయనకు కుడి కన్ను లేదు. ఎదురెదురుగా కూర్చుంటే మా మంచి పక్కలు రెండూ ఒకేవైపు ఉంటాయి. ఆడపిల్లలు నన్ను దొర అని పిలవడం మొదలుపెట్టారు. అందులో ఎగతాళి లేదు. నాకైతే గర్వంగా కూడా ఉండేది.

ఆ గర్వం ఎంతో కాలం నిలవలేదు. ఒకరోజు టీచరు ఇంకో బొమ్మ తీసి, "తర్వాత వాళ్ళు ముఖాన్ని మన వైపు తిప్పినారు. రెండు కండ్లూ కనిపించినాయి. అప్పుడు బొమ్మ మనల్ని చూడను మొదలుపెట్టింది. ఈ పొద్దు నుంచి అందరూ తిరగాల" అన్నారు. నా వంతు వచ్చింది. చట్రం పట్టుకున్నాను. తరగతిలోని చూపులన్నీ నా మీదే ఉన్నాయి. చట్రం కింద పడేసి బయటికి పరిగెత్తి, బావి పక్కన కూర్చుని ఏడ్చాను. బడి వదిలాక టీచరు అక్కడికి వచ్చారు. ఓదార్చలేదు. ఎర్ర దొర బొమ్మను నా చేతికిచ్చారు.

"ఈయన ఆ పక్క ఎట్లుంటాడో ఎవరూ గీయలేదు మునిలక్ష్మీ. నాకూ తెలీదు. నువ్వు గీసుకొనిరా" అన్నారు.

కన్ను లేని పక్కను గీయాలంటే నా ముఖమే అద్దంలో చూసుకోవాలి. నేను అద్దం చూసే దాన్నే కాదు, అమ్మ జడ వేసి బొట్టు పెట్టి పంపేది. పలక ముందు పెట్టుకుని కూర్చున్నాను కానీ చెయ్యి కదల్లేదు. బొమ్మను గోడ గూటిలో పెట్టి పడుకున్నాను. అవి గంగమ్మ జాతర రోజులు. అమ్మవారు రోజుకో వేషంలో ఊరు తిరుగుతుంది, ఒకరోజు దొర వేషం కూడా వేస్తుంది. పొద్దున లేచేసరికి మా అవ్వ గూటి ముందు కూర్చుని ఉంది. దొర నుదుట ఇంత కుంకుమ, అంచులకు తడి పసుపు, పైన వేపమండ. కాగితం ఉబ్బిపోయి ఉంది.

"సూడు, అమ్మ దొర వేషంలో మనింటికే వచ్చినాది" అంది అవ్వ.

"అది అమ్మ కాదవ్వా, ఇటలీ దొర. టీచరమ్మది" అన్నాను ఏడుస్తూ.

"టీచరమ్మ తెచ్చింటే మాత్రం, పంపించింది ఎవరు?" అంది అవ్వ.

ఆ బొమ్మను అలా తీసుకెళ్ళి ఇవ్వలేక బడి మానేశాను. కడుపునొప్పి అన్నాను, కాలునొప్పి అన్నాను. చివరికి ఒక సాయంత్రం గొడుగు మూసుకుంటూ టీచరే మా గుమ్మంలోకి వచ్చారు. నేను తలుపు వెనక దాక్కున్నాను. ఆమె కళ్ళు నేరుగా గూటి వైపు వెళ్ళాయి. ఏసుకు మొక్కే మనిషి ప్రాణంగా దాచుకున్న బొమ్మకు మా అవ్వ పసుపు కుంకుమలు పూసింది. నా కన్ను గురించి ఎంత సిగ్గుపడే దాన్నో, ఆ క్షణంలో మా అవ్వ గురించి అంతకంటే ఎక్కువ సిగ్గుపడ్డాను. ఆమె బోసినోరు, ఆమె మురికి కొంగు, ఆమె ధీమా, అన్నీ నన్ను కుదించేశాయి. అవ్వకు ఇవేవీ పట్టలేదు. చాప పరిచి, టీచరును కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

"ఆయమ్మ ఎందుకు ఒక పక్కే చూపిస్తా ఉండాదో తెలుసునా టీచరమ్మా? మా పాప కన్ను తీసుకునింది కదా. మొగం చూపించను సిగ్గయి అట్లా తిరుక్కోనుండాది. సిగ్గు ఆయమ్మది. మా పాపకు ఎందుకమ్మా?"

టీచరు బొమ్మ పాడైందని అనలేదు, అది ఎవరి బొమ్మో చెప్పి అవ్వను సరిదిద్దనూ లేదు. తర్వాత సంచిలోంచి చట్రం తీసి, "మీ పాపను ఒకసారి ఈ కిటికీలో కూచోబెట్టనా అవ్వా" అని అడిగారు. అవ్వ నన్ను తలుపు వెనక నుంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. చట్రం తనే పట్టుకుంది. నేను తల దించుకున్నాను. నేను తల ఎత్తేదాకా టీచరు ఆగారు. చర్చి పాటల కాగితం ఒకటి వెనక్కి తిప్పి, బొగ్గు ముక్కతో గీయసాగారు. కుడి కన్నును ఎంతసేపు చూశారో ఎడమదాన్ని కూడా అంతసేపు చూశారు. ఆ చూపు కింద కూర్చోవడం నేను ఆ వయసు వరకు చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది.

గీసి నా చేతికిచ్చారు. నా ముఖాన్ని నేరుగా నేను చూసుకోవడం అదే మొదటిసారి. నాకు నచ్చలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడ్చుకో పాపా" అన్నారు టీచరు. "గీసిందాంట్లో తప్పుంటే మాత్రం చెప్పు."

ముక్కు తుడుచుకుని మళ్ళీ చూశాను. తప్పుంది. ఎడమ రెప్పను ఆమె మెత్తగా, నిద్రపోతున్నట్టు గీశారు. "రెప్ప ఇంకా కొంచెం లోపలికి ఉంటాది" అన్నాను. ఆమె బొగ్గు ముక్కను నా చేతిలో పెట్టి, "దిద్దు" అన్నారు. దిద్దాను. అవ్వ తొంగి చూసి, "ఇప్పుడు మా పాప మాదిరి ఉండాది" అంది.

ఎర్ర దొరను టీచరు తిరిగి అడగలేదు. మరుసటి ఏడు ఆమె చిత్తూరు వెళ్ళిపోయారు. అవ్వ బతికినన్నాళ్ళూ జాతర జాతరకూ దొరకు కుంకుమ పెట్టింది. ఇప్పుడు ఆ ముఖం ఎర్రటి మరకల కింద దాదాపు కనిపించదు. బొగ్గుబొమ్మ కూడా నా దగ్గరే ఉంది. నేనూ డ్రాయింగు టీచరునే అయ్యాను, నా తరగతుల్లోనూ ఒట్టి చట్రంతో కిటికీ ఆట ఆడించాను, ఇటలీ గురించి నాకు తెలిసిందంతా ఆ ఆటలోనే చెప్పాను. ఇంతా చేసి నా సిగ్గు పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మా ఇంటి పెళ్ళి ఫొటోలన్నిటిలో నేను ఎడమ చివర, కుడి పక్క చూపిస్తూ నిలబడి ఉంటాను.

మొన్న స్టూడియోలో ఫొటో తీశాక అతను నన్ను కంప్యూటరు దగ్గరికి పిలిచాడు. నా కుడి కన్నును ఎత్తి ఎడమవైపు అతికించాడు, చెంపల మీద గుంటలు పూడ్చాడు. "బాగుండాదా మేడం? రెండు కండ్లూ వచ్చేసినాయి" అన్నాడు సంతోషంగా. బాగుంది. బాగుందని నా మనసుకు తోచినందుకు కూడా సిగ్గేసింది. ఆ ముఖాన్ని కాసేపు చూస్తూ నిలబడ్డాను.

"తప్పుంది నాయనా, దిద్దు" అన్నాను. "రెప్ప ఇంకా కొంచెం లోపలికి ఉంటాది."

దిద్దాలంటే అతను ఒకసారి నా ముఖంలోకి చూడాల్సి వచ్చింది. చూశాడు. నేను పక్కకు తిరగలేదు.