సెట్‌లో అన్న మాట

మల్కాపురం బడిలో పదో తరగతి బి సెక్షన్ చివరి బెంచీ సింహాద్రిది. నిద్ర కోసం అతనే వెతుక్కున్న చోటు అది. తెల్లవారకముందే తండ్రితో హార్బరుకి వెళ్లి వలలు సర్ది, బెల్లు కొట్టాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేవాడు. మాస్టారు లేపితే లేచేవాడు. లేచి, నిలబడే నిద్రపోయేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు మేమందరం నిలబడే నిద్రపోతున్నాం. చూసి నవ్వేవాళ్లు లేరు.

నేను ఇంజనీరింగు మధ్యలో మానేశాను. ఎందుకని అడిగేవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతాను. నిజానికి కారణమేమీ లేదు, నచ్చలేదు. ఏ పనిలోనూ ఏడాది నిలవలేదు. ప్రస్తుతం ఫిషింగ్ హార్బరులో ఐసు దిమ్మలు మోసే ట్రాలీ ఆటో నడుపుతున్నాను. అందుకే సింహాద్రి కథ మా బ్యాచిలో మిగతావాళ్ల కన్నా నాకు ఎక్కువ తెలుసు.

పది అయ్యాక అతను బోటెక్కాడు. మొదట వంట, ఆ తర్వాత వల, ఇప్పుడు డ్రైవరు. బోటు ఎవరో ఓనరుది. ఒకసారి బయల్దేరితే రెండు వారాలు సముద్రం మీదే. వచ్చి రెండు రోజులు ఒడ్డున ఉండి మళ్లీ పోతాడు. అతని పెళ్లాం ధనశ్రీ మా క్లాసే, ముందు బెంచీ. బడిలో అతని హోంవర్కు ఆమే రాసిపెట్టేది. ఇద్దరివీ చేపల మీద బతికే ఇళ్లే కాబట్టి పెద్దలు పెద్దగా గొడవ చెయ్యలేదు. మా బ్యాచిలో జరిగిన ఒకే ఒక్క ప్రేమ పెళ్లి. అదేదో మేమందరం కలిసి గెలిచిన కప్పులాగా చెప్పుకుని తిరిగేవాళ్లం.

ఆ కప్పు ఈ వేసవికి ముందు కిందపడింది.

సముద్రంలో ఫోన్లు పనిచేయవు. బోటుకీ బోటుకీ మాటలన్నీ వైర్‌లెస్ సెట్‌లోనే. ఒకడు మాట్లాడితే ఆ ఛానెల్ నెంబరు మీదున్న బోట్లన్నీ వింటాయి. ఏదైనా సొంత విషయం మాట్లాడుకోవాలంటే 'ఫలానా నెంబరుకి రా' అని చెప్పి ఇద్దరూ ఆ నెంబరుకి మారతారు. తమాషా ఏమిటంటే, ఇద్దరు నెంబరు మారారంటే ఏదో రుచైన కబురుందని మిగతా బోట్లన్నీ వాళ్ల వెనకే ఆ నెంబరుకి మారతాయి. పదిహేను రోజులు నీళ్లు తప్ప ఏమీ కనపడనివాళ్లకి అదే కాలక్షేపం. ఈ సంగతి సింహాద్రికి తెలియక కాదు. అతను కూడా ఎన్నోసార్లు అలా వెనకే వెళ్లి విన్నవాడే. అయినా ఒక సాయంత్రం వల లాగి అలిసిపోయి, పక్క బోటు డ్రైవరు దుర్గారావుని వేరే నెంబరుకి పిలిచి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

"ఇంటికెల్లాలంటే బుద్ధి పుట్టట్లేదు బావా. దాని మొకం సూత్తే పెళ్లాం దగ్గరికెల్లినట్టుండదు, డ్యూటీ ఎక్కినట్టుంటాది. నాను సముద్రంలో ఉంటేనే దానికీ సుకం, నాకూ సుకం."

జెట్టీకి కట్టిన బోట్ల సెట్లు కూడా వింటాయి కాబట్టి ఆ మాట బోట్ల కంటే ముందే ఒడ్డుకి చేరింది. మర్నాడు జెట్టీ మీద చేపల వేలంలో ఆడవాళ్లు ధనశ్రీని చుట్టేశారు. "ఏటే ధనా, మీ ఆయన డ్యూటీ దిగీది ఎప్పుడే?" అని ఒకామె. "ఓవర్‌టైం ఇత్తన్నావా లేదా?" అని ఇంకొకామె. ఆమె పట్టిన గంప అక్కడే వదిలేసి కంచరపాలెంలో తల్లి పోతమ్మ ఇంటికి వెళ్లిపోయింది. సింహాద్రి వచ్చేసరికి ఇంటికి తాళం.

ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు వేట ఆపేస్తారు. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. డ్రైవర్లు ఇళ్లల్లో ఉండే రోజులు అవే. సింహాద్రి ఆ రోజులన్నీ ఒంటరిగా ఉడికీ ఉడకని అన్నం తింటూ గడిపాడు. రెండుసార్లు కంచరపాలెం వెళ్లాడు. పోతమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "డ్యూటీలోకొచ్చేవా బాబూ?" అని అడిగి తలుపేసింది.

"వేట మొదలెట్టీలోపు అది ఇంటికి రావాల్రా," అన్నాడు నాతో. "రాకపోతే మళ్లీ రాదు. నాను అటూ అది ఇటూ ఉండడం అలవాటైపోతాది."

అది నిజమే. విడివిడిగా ఉండడం వాళ్లకి ముందే సగం అలవాటు.

ఆ వేసవిలోనే దేవిశ్రీ వాట్సప్ గ్రూపులో అందరినీ పోగు చేసింది. ఆమెది ఎలమంచిలిలో కాపురం. సెలవులు కాబట్టి వాచ్‌మన్‌ని బతిమాలి బడి వరండాలోనే కలుద్దామంది. పదిమందిమి వచ్చాం. రిఫైనరీ వాసన అప్పటిలాగే ఉంది. బెంచీలు చిన్నవైపోయినట్టు అనిపించింది. బిర్యానీ పొట్లాలు విప్పకముందే ఎవరి కాపురాలు వాళ్లు విప్పారు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే త్రినాథరావు తన పెళ్లాం మూడు షిఫ్టుల్లో ఏ షిఫ్టులోనూ తనతో సరిగా మాట్లాడదన్నాడు.

"మా ఆయనకి ఎరువుల కొట్టు," అంది దేవిశ్రీ. "పొద్దున్నుంచి రైతులతో వాగి వాగి, ఇంటికొచ్చి కంచం ముందు నోరు కుట్టీసుకుంటాడు. నానూ ఒక బస్తా కొందునా అనిపిస్తాది, అప్పుడైనా మాటాడతాడని."

నవ్వాం. ఎక్కువసేపు నవ్వలేకపోయాం.

సింహాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి గేటు వైపే చూస్తున్నాడు. దేవిశ్రీకి మాటిచ్చింది కాబట్టి ధనశ్రీ వచ్చింది. వచ్చి, ముందు బెంచీ మీద, అప్పటి చోటులోనే కూర్చుంది. సింహాద్రి లేచి ఆమె ముందు నిలబడ్డాడు.

"తప్పైపోనాది. ఇంటికి రా," అన్నాడు.

"ఏ తప్పు?" అంది ధనశ్రీ. గొంతు పెంచలేదు. "నీకు తెలుసా అసలు? వీళ్లకి తెలీదు, సెప్తాను ఇనండి. మాఘంలో నాకు కడుపు పోనాది. నువ్వు సముద్రంలో ఉన్నావు. అమ్మా నానూ ఆస్పత్రికెల్లాం. ఆడికి కబురెట్టించవే అంది అమ్మ. ఎలా ఎట్టించను? ఓనరుకి సెప్తే ఓనరు సెట్‌లో సెప్పాల. సెట్‌లో సెప్తే హార్బరంతా వింటాది. నా కడుపు సంగతి ఐసు బండోడు కూడా వినాలా?"

ఐసు బండివాణ్ని నేనే. తల దించుకున్నాను.

"అందుకే నోరు మూసుకున్నాను. నువ్వొచ్చినాక సెప్పాను. అన్నం తింటన్నావు. సెయ్యి ఆపేవు. మళ్లీ తిన్నావు. తిని పడుకున్నావు."

"ఏటి మాటాడాలో తెలీలేదు ధనా."

"నాకూ తెలీదు. తెలీనోళ్లం ఇద్దరం కూకుందుం కదా. నువ్వు పడుకున్నావు. డ్యూటీ అన్నావే, ఆ మొకం అప్పటి మొకమే."

దేవిశ్రీ తన పొట్లానికి రబ్బరు బ్యాండు మళ్లీ వేసింది.

"అందరి ముందూ సెప్తన్నాను, తప్పు నాదే," అన్నాడు సింహాద్రి.

"వీళ్లు వినలేదు కదా ఆ మాట. వీళ్ల ముందు సెప్తే నాకేటి? ఎక్కడన్నావో అక్కడ సెప్పు."

"సెట్‌లోనా? అందరూ నవ్వుతారు."

"నన్ను సూసి నవ్వలేదేటి?"

"ఏటని సెప్పను?"

"అది కూడా నానే రాసియ్యాలా, హోంవర్కులాగ?" అంది. లేచి చున్నీ సర్దుకుంది. "ఒకటి మాత్రం ఇనుకో. ఆస్పత్రి ముక్క నీ నోట్లోంచి సెట్‌లోకెల్లిందో, నీకూ నాకూ అయిపోయినట్టే."

బిర్యానీ ఎవరికి వాళ్లం ఇంటికి పట్టుకుపోయాం.

తర్వాత నెల బోట్లు కదిలాయి. సింహాద్రి బోటు తెల్లవారుతూనే వెళ్లిపోయింది. బయల్దేరేటప్పుడు ప్రతి ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చి బోటు ముందు కొబ్బరికాయ కొడతారు. అతనికి ఎవరూ రాలేదు. తనే కొట్టుకున్నాడు. "సాయంత్రం సెట్ దగ్గరికి దాన్ని తీసుకురారా, నీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు నాతో.

ధనశ్రీ వస్తుందనుకోలేదు. ట్రాలీ వేసుకుని కంచరపాలెం వెళ్తే, ఆమె చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. పోతమ్మ నా వైపు చూడలేదు. "మళ్లీ నవ్వించుకోడానికెల్తంది," అని గోడతో చెప్పింది.

దుర్గారావు బోటు ఇంజను బాగులేక జెట్టీకే కట్టి ఉంది. ఆ రోజు ఆ మాట విన్న మొదటి చెవి తనదే కాబట్టి అతను ధనశ్రీ కళ్లలోకి చూడలేకపోయాడు. క్యాబిన్‌లో సెట్ పెట్టి గొంతు పెంచాడు. ఆమె జెట్టీ అంచున, క్యాబిన్ కిటికీకి దగ్గరగా నిలబడింది. పక్కన గంపలు కడుగుతున్న ఆడవాళ్లు చేతులాపారు.

కాసేపు గరగర. ఎవడో డీజిలు గురించి తిట్టుకుంటున్నాడు. తర్వాత సింహాద్రి గొంతు.

"అందరూ ఇనండి."

"డ్యూటీ డ్రైవరొచ్చినాడ్రోయ్!" అని ఒక బోటు నుంచి కేక. ఇంకో బోటులో ఈల.

"నెంబరు మార్సక్కర్లేదు. ఇక్కడే సెప్తన్నాను. ఆ ట్రిప్పులో నా పెళ్లాం గురించి ఒక మాటన్నాను. మీరందరూ విన్నారు, ఇంటికెల్లి సెప్పుకున్నారు. ఇది కూడా సెప్పండి." ఊపిరి తీసుకోవడం వినపడింది. "డ్యూటీ సేసింది అది. నాను పడుకున్నాను. ఆ మాట దాన్ననాల్సింది కాదు. అంతే."

ఈసారి ఈల లేదు. ఒక ముసలి గొంతు, మెత్తగానే అడిగింది: "ఏటైందిరా సింహాద్రీ? ఏదైనా కష్టమొచ్చిందేటి?"

సెట్‌లో గరగర తప్ప ఏమీ లేదు. సింహాద్రి ఎలాంటి మనిషో నాకు తెలుసు. మెత్తగా అడిగితే మొత్తం చెప్పేసే రకం. ధనశ్రీ కిటికీ ఊచ పట్టుకుంది. నాకు అరవాలనిపించింది. అరిచినా వినపడేంత దూరంలో లేడు.

"అది మా ఇంటి సంగతి పెదనాన్నా," అన్నాడు సింహాద్రి. "సెట్‌లో సెప్పీది కాదు."

ధనశ్రీ ఊచ వదిలి చెయ్యి చాపింది. దుర్గారావుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మైకు కిటికీలోంచి అందించాడు. తీగ చాలలేదు. ఆమె ముందుకి వంగి, బోటుకీ జెట్టీకీ మధ్య నల్లటి నీళ్ల మీద నిలబడినట్టుగా నిలబడి మాట్లాడింది.

"తాళం ఎక్కడెట్టేవు?"

మైకు మీట మీంచి వేలు తీసింది.

"గౌరీశ్వరప్ప దగ్గర," అన్నాడు.

"బియ్యం ఉన్నాయేటి?"

"ఉన్నాయి. పురుగు పట్టీసాయి."

ఏదో బోటులో ఎవడో కిసుక్కున నవ్వాడు. ధనశ్రీ మైకు తిరిగిచ్చేసింది. గంపలావిడ ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, గంపలోకి వంగింది.

ట్రాలీలో నా పక్కన కూర్చుంది. వెనక ఐసు దిమ్మల నుంచి నీళ్లు రోడ్డు మీద కారుతున్నాయి. నాకు ఓపిక తక్కువ, అడిగేశాను.

"అయితే క్షమించీసినట్టేనా?"

"ఆడి మీద కోపం పెట్టుకోడానికి కూడా ఓపిక లేదు శంకరూ," అంది. "ఈ ట్రిప్పు నుంచి రానీ. వచ్చి ఏటి మాటాడతాడో సూద్దాం. మాటాడకపోనా, పడుకోకుండా కూకుంటే సాలు."

పక్కింటి గౌరీశ్వరి దగ్గర తాళం తీసుకుంది. తలుపు తీయగానే రెండు నెలలు మగవాడు ఒక్కడే ఉన్న ఇంటి వాసన బయటికొచ్చింది. ఆమె లోపలికి వెళ్లి బియ్యం డబ్బా ఈడ్చుకొచ్చి, గుమ్మం ముందు చాప పరిచి, దాని మీద ఒంపింది. పురుగులు నాలుగు వైపులా పరిగెత్తాయి. పొద్దు పోతున్న ఎండ ఇంకా కాస్త మిగిలుంది.

నేను సాయం చేద్దామని చాప పక్కన కూర్చోబోయాను.

"నువ్వెల్లు," అంది తలెత్తకుండా. "నీ ఐసు కరిగిపోతంది."