కాఫీ అమ్మే పిల్ల కాఫీ మానేసింది

మా అక్క కూతురు సువార్త మారేడ్‌పల్లిలో ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో రోజంతా నిలబడి కాఫీ అమ్ముతుంది. మామూలు కాఫీ అనుకునేరు! వనిల్లా కాఫీ, హేజల్‌నట్ కాఫీ, దాల్చినచెక్క కాఫీ. వేయించిన గింజలకు వాసన పట్టిస్తారట. ఇంట్లో చేసుకోవడానికి గరాటులాంటి గిన్నె, అందులో ఒక కాగితం, పైనుంచి సన్నటి ధారగా వేడినీళ్లు. ఆ ధార పోసి చూపించడమే దాని ఉద్యోగం. వచ్చేపోయేవాళ్లకి బుల్లి కాగితపు కప్పుల్లో రుచి చూపించి ప్యాకెట్టు అంటగట్టాలి. కూర్చోవడానికి ఒక స్టూలైనా ఇవ్వరు. కూర్చుంటే సరుకుకి మర్యాద ఉండదట. వాళ్ల మర్యాద మండిపోను!

అసలు చిక్కేమిటంటే, ఈ ఉద్యోగం రాకముందే అది కాఫీ మానేస్తానని మొక్కుకుంది.

నేరేడ్‌మెట్‌లో మావి పక్కపక్క పోర్షన్లు. పొద్దున లేస్తే మా రోసమ్మక్క కేకే నాకు అలారం. "సువార్తా, కాఫీ అయిందానే?" అని ఆవిడ, "అయింది, వస్తున్నా!" అని ఇది. తల్లీకూతుళ్లిద్దరికీ కాఫీ పిచ్చి. గ్లాసులు పట్టుకుని గడపలో కూర్చున్నారంటే ఇక వాళ్లకి లోకంతో పనిలేదు. క్రిస్మస్ వెళ్లిన కొన్నాళ్లకే అక్కకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. పొద్దున్నే ఆ కేక లేకపోయేసరికి ఇల్లు నాకే అదోలా ఉండేది, ఇక దాని సంగతి చెప్పాలా!

విభూది బుధవారం నాడు సువార్త గుడికి వెళ్లి నుదుట బూడిద పెట్టించుకుని వచ్చింది. సాయంత్రం ఫాదర్‌గారే ఇంటికొచ్చి మంచంలో ఉన్న అక్కకీ పెట్టి వెళ్లారు. ఆయన వెళ్లాక నేను కాఫీ ఇవ్వబోతే సువార్త వద్దంది. ఎందుకే అని గుచ్చిగుచ్చి అడిగాను.

"ఈస్టర్ దాక కాఫీ ముట్ట చిన్నమ్మా. అమ్మ నన్ను మళ్ల పేరు పెట్టి పిలిస్తే చాలు. నువ్వు ఎవ్వరికీ చెప్పకు. అమ్మకు సుత."

"దేవునికి నీ కాఫీతోని ఏం పనే? డాక్టర్ చెప్పిన కసరత్తు చేపియ్ ఫస్టు," అన్నాను.

వింటేగా! విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా నలభై రోజుల తపస్సు కాలంలో మా వాళ్లందరూ మాంసం మానేస్తారు. ఇది మాత్రం ప్రాణంలాంటిదాన్ని తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టింది. పైగా మానేసిన సంగతి నలుగురికీ చెప్పుకుంటే ఫలితం దక్కదని మా అమ్మ మమ్మల్ని పెంచిన పద్ధతి ఒకటి. అక్క ఆ పద్ధతినే దీనికీ నూరిపోసింది.

ఆ వారంలోనే ఈ ఉద్యోగం వచ్చింది. అది పనిచేసే బట్టల షాపు అంతకుముందే మూతపడింది, అక్కకి మందులు ఆగకూడదు. వద్దని ఎలా అంటుంది?

సరిగ్గా అప్పటినుంచే అక్క కూడా మొండికేసింది. సువార్త తను తాగకపోయినా తల్లికి రోజూ కాఫీ కలిపి పెదవుల దగ్గర పెట్టేది. అక్క మొహం అటు తిప్పేసుకునేది. జావ తాగేది, పాలు తాగేది, కాఫీ మాత్రం వద్దనేది.

"నోరు రుచి పోయిందేమోలే," అన్నాను.

"రుచి కాదు చిన్నమ్మా, బతకాలన్న ఆశనే పోయింది అమ్మకు," అని ఏడ్చింది పిచ్చిపిల్ల.

ఇక సూపర్‌మార్కెట్‌లో సూపర్‌వైజర్ పృథ్వీ అని ఒక కుర్రవాడు. చెడ్డవాడేం కాదు. "మేడం, కస్టమర్ ముందు మీరు కూడా ఒక సిప్ తీసుకోండి, కాన్ఫిడెన్స్ వస్తది," అని రోజూ చెప్పేవాడు. ఇప్పుడే తాగాను సార్ అని ఇది రోజూ తప్పించుకునేది. ఇంటికొచ్చి ఉబ్బిన పాదాలు బకెట్లో ఉప్పునీళ్లలో పెట్టుకుని, అన్నం సయించక అలాగే కూర్చునేది. జుట్టంతా వనిల్లా వాసన. అక్క మంచం మీద నుంచి ఆ బకెట్ వైపే చూస్తూ పడుకునేది.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం వెళ్లాక ఒకరోజు జగదాంబగారని ఒక పెద్దావిడ వచ్చిందట.

"ఇందులో ఏది బాగుంటుందమ్మాయ్?"

"వనిల్లా బాగుంటదమ్మా."

"నువ్వు తాగి చూశావా?"

ఇది తల వంచుకుని కప్పులు సర్దడం మొదలుపెట్టింది.

"తాగకుండానే బాగుంటుందని చెప్పేస్తున్నావా? ఏదీ, నా ముందు తాగు, తీసుకుంటాను."

వెనకాల పృథ్వీ నిలబడి ఉన్నాడు. సువార్త తాగేసింది. తియ్యగా ఉందో చేదుగా ఉందో కూడా తెలియలేదట. ఆవిడ వనిల్లా కొనుక్కుని వెళ్లింది. పృథ్వీ సంతోషంతో దీనికీ ఒక ప్యాకెట్టు ఇచ్చాడు.

ఇంటికి వచ్చిన దాని మొహం చూసి నేను హడలిపోయాను. నేరుగా వంటింట్లోకి వెళ్లి ఆ కాఫీ కలిపి తెచ్చింది. బకెట్లో కాళ్లు పెట్టుకుని మంచం పక్కన కూర్చుని గ్లాసు అందించింది. అక్క ఎప్పటిలాగే మొహం తిప్పుకుంది.

"ఎందుకు తాగవమ్మా? నీ కోసమే కద నేను గింత పరేషాన్ అయితున్న! నన్ను ఇడిచిపెట్టి పోవాలనుందా నీకు?" అని అరిచింది. తల్లి మీద అది గొంతెత్తడం నేను అదే మొదటిసారి వినడం.

అక్క మెల్లగా ఎడమచెయ్యి లేపింది. బొటనవేలితో నుదుట సిలువ గీసుకుంది, ఫాదర్‌గారు విభూది పెట్టినట్టుగా. గ్లాసు వైపు చూపించి వేలు అడ్డంగా ఊపింది.

"అమ్మా... నువ్వు సుత మానినవా?"

అవునన్నట్టు కళ్లు మూసి తెరిచింది.

"దేనికమ్మా?"

అక్క వేలు బకెట్లో ఉన్న దాని కాళ్ల వైపు తిరిగింది.

సువార్త తల్లి పక్కలో తల పెట్టి బావురుమంది. "నేను ఇయ్యాల తాగిన అమ్మా, నీ కోసం మొక్కుకుని సుత తాగిన," అని అంతా చెప్పేసింది. అక్క ఆ ఒంటిచేత్తోనే దాని కాలిని మంచం మీదికి లాక్కుని, నీళ్లు కారుతుంటే తన కొంగుతో తుడిచింది. ఎంత జంటమ్మా ఇది! చెప్పకూడదని ఒకరు, చెప్పలేక ఒకరు, మధ్యలో నా ప్రాణం తీశారు ఇన్నాళ్లూ. చల్లారిపోతోందని ఆ కాఫీ నేనే తాగాను. అగరబత్తి నాకినట్టుంది.

ఈస్టర్ పొద్దున సువార్త మా మామూలు కాఫీయే కలిపింది. ఆదివారం సెలవు ఇవ్వరు, మళ్లీ వెళ్లి నిలబడాలి. గడప దాకా అక్కని తేలేక తనే మంచం అంచున కూర్చుని తాగించింది. ఆఖరి చుక్క దాకా తాగింది అక్క. ఇది ఆ నోటివైపే చూస్తూ కూర్చుంది. దాని పేరు మాత్రం రాలేదు.

"ఏం రాలే చిన్నమ్మా," అని లేచి గుమ్మం దాకా వెళ్లింది.

వెనకనుంచి టకటకమని చప్పుడు. అక్క ఖాళీ గ్లాసుతో మంచం పట్టీ మీద కొడుతోంది. ఆగడం లేదు, ఇంకో గ్లాసు తెచ్చేదాకా ఆగేటట్టూ లేదు.

"అయింది, వస్తున్నా!" అంది సువార్త, కాళ్లీడ్చుకుంటూ వంటింట్లోకి నడుస్తూ.