బన్ను బావ చిటికెడు పిండి

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే బావమరిది "బావా" అని కేకేస్తాడు కాబట్టి, బడిపిల్లల దగ్గర్నుంచి పెన్షనర్ల దాకా అందరికీ ఆయన బన్ను బావే. ముప్ఫై ఏళ్ళుగా బేకరీ వెనకగదిలో, ఓవెన్ ముందు నిలబడే బతికాడు. ఇప్పుడు ఆ నిలబడడానికే ముప్పొచ్చింది.

"పది కిలోలు తగ్గకపోతే ఈ మోకాళ్ళతో నిలబడే పని ఇక మర్చిపోండి," అన్నాడు డాక్టరు. రొట్టె, బంగాళాదుంప, పంచదార మానేసి, గుడ్లు, మాంసం, ఆకుకూరలు తినమన్నాడు. ఓవెన్ వదులుకోవడం కంటే అదే నయమని బన్ను బావ ఒప్పుకున్నాడు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆయన భార్య ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. మానేసేటప్పుడు ఉప్పు మాత్రం ఎందుకని, దాన్నీ వంటింట్లోంచి తరిమేసింది. ఫ్రిజ్ తలుపుకి జాబితా అంటించింది. అందులో ఆఖరి మాట ఎర్ర సిరాతో రాసింది: పచ్చిపిండి చిటికెడు కూడా వద్దు.

అదే ఆయన ఒళ్ళు మండించింది. రోజూ పిండి కలపగానే చిటికెడు నాలుక మీద వేసుకుని ఉప్పు చూడడం ఆయన అలవాటు.

"చిటికెడు పిండికే లావెక్కిపోతానటే?"

"చిటికెడే కదా, చిటికెడే కదా అనుకుంటూనే ఇంతయ్యారు!"

మూడో రోజుకి కాళ్ళలో సత్తువ పోయింది. తలంతా దిమ్ము. పిండి బస్తా జరపబోతే కళ్ళు తిరిగాయి. ఇక సలహాలు మొదలు. బావమరిది నిద్ర చాలట్లేదన్నాడు. అక్క ఫోన్ చేసి మరీ, "అంతా నీ మనసులోనే ఉందిరా," అని తేల్చేసింది. పాలు పోసే ఆయన పొద్దున్నే నడవమన్నాడు. నిలబడలేక చస్తున్నవాణ్ణి నడవమంటాడేమిటి ఈయన! ఐదో రోజు ఓవెన్ ముందు స్టూలు వేసుకున్నాడు. దాన్ని చూస్తే ఆయనకే ఏడుపొచ్చింది.

ఆరో రోజు పొద్దున తూగుతూనే పిండి కలిపాడు. ఎనభై బ్రెడ్లు కాల్చాడు. పది గంటలకల్లా రిటైరైన టీచరమ్మ సగం తిన్న బ్రెడ్డుతో తిరిగొచ్చింది.

"ఏమిటయ్యా ఇది? దూది నమిలినట్టుంది. నోట్లో పెట్టుకుని చూశావా?"

"లేదండీ. డైటింగులో ఉన్నాను."

"డైటింగు నువ్వు చేసుకో. నా రొట్టెతో చేయించకు!"

ఉప్పు వెయ్యలేదని అప్పుడు వెలిగింది. మధ్యాహ్నానికి పంతొమ్మిది బ్రెడ్లు వెనక్కొచ్చాయి. బన్ను బావ స్టూలు మీద కూలబడి తల ఎత్తలేకపోయాడు. ఆ అవతారం చూడలేక బావమరిది డాక్టరుకి ఫోన్ కలిపాడు.

"ఉప్పు మానెయ్యమని నేనెప్పుడన్నానండీ?" డాక్టరు అవతల విసుక్కున్నాడు. "పిండిపదార్థాలు తగ్గిస్తే ముందు ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోతాయి. ఆయనకి బీపీ లేదు కదా. నీళ్ళు బాగా తాగమనండి, కూరలో ఉప్పు వేసుకోమనండి, వారం పది రోజులు బరువులెత్తొద్దనండి. నీరసం అదే తగ్గుతుంది."

మర్నాడు పొద్దున్నే భార్య తనే బేకరీకి వచ్చింది. కలిపిన పిండిలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది.

"తక్కువైంది."

"సరిగ్గానే వేశాను!"

"ఇప్పుడు మీ మాట ఎవరు నమ్ముతారు?" అంటూ ఉప్పు డబ్బా తీసి పిండిలో కొంచెం వేసింది. అదే డబ్బాలోంచి ఇంకో చిటికెడు తీసి, ఆయన మంచినీళ్ళ గ్లాసులో కలిపింది.

"ఈ బుద్ధేదో మొదటి రోజే ఉండొచ్చు కదే!"

ఆవిడ స్టూలు లాక్కుని, గోడకి తల ఆనించి కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది?"

"ఏమీ లేదు. మూడు రోజులుగా కాళ్ళు పీకుతున్నాయి. ఆ ఉప్పులేని కూరే కదా నేనూ తినేది."

"నీకెందుకే ఈ పత్యం? నీ మోకాళ్ళు బానే ఉన్నాయిగా!"

"మీరు ఆ గుడ్లు తింటుంటే, ఎదురుగా కూర్చుని నేను రొట్టె ఎలా తింటాను?"

బన్ను బావకి వారం రోజులుగా ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి ఎవరూ ఎలా ఉన్నావని అడగలేదు. తనూ అడగలేదు. ఉప్పు కలిపిన గ్లాసు ఆవిడ చేతికిచ్చి, తాగేదాకా ఓవెన్ ముందు అలాగే నిలబడ్డాడు.