పదిన్నర దాకా సరస్సు మీదే

సత్యంగారు డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో ఇరవై రెండేళ్ళు ఇంజన్లు పరీక్షించారు. 2009లో కంపెనీ ఆయన్ను ఇంటికి పంపేసింది. అదే ఏడాది నన్నూ ప్రాజెక్ట్ లేదని కూర్చోబెట్టారు. ఆ ఊరి పక్కనే నోవైలో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, లైబ్రరీ పుస్తకాలు నమిలేస్తూ, లోకాన్ని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన ఎవర్నీ తిట్టలేదు. పడవ కొంటానన్నారు.

వాళ్ళ నాన్న రాజమండ్రి రేవులో లాంచీ నడిపేవాడట. ఇంజన్ చప్పుడులో పెరిగిన ఈయన అప్పటికే నాలుగు పాత పడవలు చూసి వదిలేశారు. మేం వెళ్ళేసరికి అమ్మేవాళ్ళు ఇంజన్ తిప్పి వేడిచేసి ఉంచేవారు.

"వేడెక్కిన డీజిల్ ఇంజన్ ఎవరు పిలిచినా పలుకుతుందోయ్. చల్లగా ఉన్నప్పుడు పలకాలి," అనేవారు.

ఐదోది సెయింట్ క్లెయిర్ సరస్సు మీద ఉంది. పాత పెట్రోల్ ఇంజన్ తీసేసి అందులో డీజిల్‌ది బిగించారు. అది అంతకుముందు ఎక్కడ, ఎన్నాళ్ళు పనిచేసిందో చెప్పే కాగితం లేదు. "ఇదే ఆఖరు. ఇదీ బాగోలేకపోతే మళ్ళీ పడవ మాటెత్తకూడదు," అని వాళ్ళావిడ సరోజ ఆంటీ ఆయన దగ్గర మాట తీసుకుంది.

యజమాని గ్యారీ శనివారం పదింటికి రమ్మన్నాడు.

"తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం. ఎనిమిదింటికే అక్కడుండాలి," అంది ఆంటీ.

"రాహువు డెట్రాయిట్ టైమ్ ఫాలో అవుతాడా ఆంటీ?"

"నీ ప్రాజెక్ట్ ఏ టైమ్‌కి పోయిందో చెప్పు, అప్పుడు చెప్తా."

శనివారం ఏడింటికే కారు తీశాను.

మమ్మల్ని చూడగానే గ్యారీ చేతిలోని కాఫీ ఒలికింది. "పదింటికన్నాను కదా!" అని విసుక్కున్నాడు. సత్యంగారు అదేం వినిపించుకోకుండా పడవలోకి దిగి, మూత ఎత్తి, ఇంజన్ మీద అరచెయ్యి ఆనించారు.

"ఏమోయ్, ఇలా రా! చెయ్యి పెట్టు!"

రాయిలా చల్లగా ఉంది.

"రాహువుకి దణ్ణం పెట్టుకోండి," అంది ఆంటీ గట్టు మీంచి.

అరగంటసేపు గొట్టాలూ బోల్టులూ ఒక్కొక్కటీ తడిమి చూశాక, ఆయన సైగ చేస్తే గ్యారీ తాళం తిప్పాడు. పలకలేదు. రెండోసారి దగ్గింది. మూడోసారి తెల్లటి పొగ కక్కుతూ అందుకుంది. అయిపోయింది, ఆయన ఆశ కూడా మా ఉద్యోగాల దారే పట్టిందనుకున్నాను. ఆయన మాత్రం పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. నిమిషంలో పొగ పల్చబడి మాయమైంది. "చలికి దగ్గిందంతే," అన్నారు.

"బావుంటే సరే అనేయండి, తొమ్మిది కావస్తోంది!" అంది ఆంటీ.

"అప్పుడేనా? నీళ్ళమీద పరుగెత్తించి చూడాలి."

నీళ్ళంటే భయపడే ఆంటీ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పడవలోకి ఒక్క దూకు దూకింది. "అయితే తొమ్మిదిలోపు బయల్దేరాలి. పదండి, పదండి!"

గ్యారీ తాడు విప్పేసరికి తొమ్మిదికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

ఆయన వేగం పెంచారు. పడవ ముక్కు పైకి లేచింది, నీళ్ళు రెండు రెక్కలై విచ్చుకున్నాయి. నేను అరిచాను. ఏడాదిగా నా గొంతు సంతోషంతో అంత పైకి లేవలేదు. వేడి చూపించే ముల్లు మధ్యలో నిలబడి కదలనంది. తొమ్మిదింబావుకల్లా సత్యంగారి ముఖమే సరే అని చెప్పేసింది.

"కొంటున్నావా? పదకొండుకి ఇంకొకతను వస్తున్నాడు," అన్నాడు గ్యారీ.

ఆయన నోరు తెరవబోయారు. ఆంటీ మోచేత్తో పొడిచింది. "పదిన్నర దాకా ఊఁ అన్నారో!"

"వాడికి అమ్మేస్తాడే!"

"ఎలా అమ్ముతాడు? మనిషీ పడవా ఇక్కడే ఉన్నారుగా!"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, స్టీరింగ్ గట్టుకి ఎదురు దిక్కుకి తిప్పారు.

పది దాటాక గ్యారీ ఫోన్ మోగింది. ఆ ఇంకొకతను ముందే వచ్చేశాడట. "వెనక్కి తిప్పు," అన్నాడు గ్యారీ.

"ఇంజన్ ఇంకా బాగా వేడెక్కాలి," అన్నారు సత్యంగారు.

"పొద్దున చల్లగా ఉందని మురిసిపోయావు!"

"అది పొద్దున."

గ్యారీ నవ్వాడు. చివరికి పడవ తిరిగింది. గట్టు మీద ఎర్రటోపీ పెట్టుకున్న మనిషి కనిపిస్తున్నాడు. ఆంటీ వాచీ మీంచి కళ్ళు తియ్యడం లేదు.

"ఆఁ, ఇప్పుడనండి!"

సత్యంగారు "యెస్!" అని కేకపెట్టి, స్టీరింగ్ వదిలేసి, రెండు చేతులతో గ్యారీ చెయ్యి పట్టుకున్నారు. పడవ దాని మానాన అది ఎర్రటోపీ మీదికి పోతోంది.

"అంకుల్, స్టీరింగ్!"

ఆయనకి వినబడలేదు. నేనే దూకి పట్టుకున్నాను. పడవ నడపడం నాకేం తెలుసు? సరస్సు వైపే తిప్పేశాను.